గమకం పలికే గిటార్ కోసం నేను చేయించుకున్న మార్పులు

మామూలు గిటార్ మీద కర్ణాటక సంగీతం సాధన చేస్తుంటే గమకాలు (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించే తీరులు) సరిగా పలకడం లేదనీ, వాద్యాన్ని మార్పించుకున్నవారి అనుభవం తెలుసుకోవాలనుందనీ మీరు అడిగారు. నేను వృత్తి సంగీతకారుణ్ణి కాను. అయినా సరిగ్గా ఈ సమస్య కారణంగానే నా దగ్గర రెండు గిటార్లు, ఒక ఎలక్ట్రిక్ మాండొలిన్, ఒక బొబ్బిలి వీణ చేరాయి. వీటిలో చేయించిన ప్రతి మార్పూ గమకం కోసమే.

ముందుగా వీణ గురించి చెప్పాలి, ఎందుకంటే మిగిలినవాటికి కొలబద్ద అదే. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి, కుండ (గుండ్రని బుర్ర), దండి (పొడవైన మెడ) అన్నీ ఒకే చెక్కలో వచ్చేలా వీణ చేస్తారు. దాని 24 మెట్లు, అంటే తీగను నొక్కి పట్టే అడ్డపట్టీలు, మైనం మీద దండికి ఎత్తుగా నిలబడి ఉంటాయి కాబట్టి తీగను నొక్కేటప్పుడు వేలు చెక్కను తాకదు. అందువల్ల తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. తోడి రాగంలో గాంధారాన్ని రిషభం మెట్టు దగ్గరే లాగి ఊపవచ్చు. నా వీణకు మెట్లు మళ్లీ వేయించినప్పుడు పక్కనే కూర్చుని చూశాను. మైనం ఇంకా వెచ్చగా ఉండగానే పనివారు ఒక్కొక్క మెట్టునూ మీటి, శ్రుతితో పోల్చి, బొటనవేలితో కనీకనిపించనంత ముందుకో వెనక్కో జరిపి, మళ్లీ మీటి చూశారు. ఆ పనితనం మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. అన్నట్టు, వేసవిలో వీణను మూసిన కారులో వదలవద్దు. మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి.

ఇక గిటార్‌లో ఫ్రెట్ల (మెట్ల) మధ్య చెక్క వేలికి అడ్డుపడుతుంది. దీనికి విరుగుడు స్కాలపింగ్, అంటే ఫ్రెట్ల మధ్య చెక్కను దోనెలా లోతుగా తొలగించడం. 1970లలో, భారతీయ సంగీతాన్ని జాజ్‌తో కలిపిన 'శక్తి' బృందంలో గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్ వాయించిన గిటార్‌కు ఇలాంటి ఫ్రెట్‌బోర్డే (ఫ్రెట్లు బిగించిన పలక) ఉండేది; దానికి అదనంగా, ప్రధాన తీగల కింద ఏటవాలుగా మరో ఏడు తీగలు కూడా బిగించారు. నా మొదటి గిటార్ స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ తరహాది. దాని ఫ్రెట్లకు టేపు అంటించి, అర్ధచంద్రాకారపు ఆకురాయితో కొద్దికొద్దిగా రాసి, నునుపు చేసి నూనె పట్టించారు. ఆ తరువాత తీగ కింద వేలికి పట్టు దొరికి, కంపితం (స్వరాన్ని ఊపే గమకం) ఎంతో సులువైంది. కాకపోతే అవసరానికి మించి నొక్కితే స్వరం పైకి పోతుంది కాబట్టి చేతిని మళ్లీ తేలిక చేసుకోవాలి. ఒకసారి తీసిన చెక్క తిరిగి రాదు. ఫ్రెట్‌బోర్డు మీది గుర్తు చుక్కలు పలచనివైతే రాపిడికి పూర్తిగా పోవచ్చు కూడా.

రెండవ గిటార్‌ను తొలిపించలేదు. దానిలో తీగల బిగువు తగ్గించే మార్పులే చేయించాను. స్ట్రాటోకాస్టర్‌లో నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి (అవతలి చివర తీగలు ఆనే భాగం) వరకు తీగ పొడవు 648 మిల్లీమీటర్లయితే, లెస్ పాల్ అనే మరో రకం ఎలక్ట్రిక్ గిటార్ తరహా వాటిలో అది దాదాపు 628 మాత్రమే. అదే తీగ, అదే శ్రుతి అయినా పొట్టిదానిలో బిగువు తక్కువ. దీనికి తోడు సన్నని తీగలు వేస్తే బిగువు మరికొంత, అన్నింటినీ ఒక పూర్తి స్వరం దించితే ఇంకో ఐదో వంతు తగ్గుతుంది. తీగలు సన్నబడినప్పుడు పాత నట్ గాడుల్లో అవి అటూఇటూ కదిలి గలగలమంటాయి కాబట్టి నట్ కొత్తది చేయించాను.

మాండొలిన్ విషయంలో దారి చూపినవారు పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా ఉంటాయి. జంటను లాగితే రెండు తీగలూ ఒకే మేర సాగవు, గమకం మధ్యలోనే శ్రుతి విడిపోతుంది. ఆయన జంటలను వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించారు. నాది కూడా అదే పద్ధతిలో, బ్రిడ్జి, నట్ రెండూ ఐదు తీగలకు సరిపడేలా కొత్తగా చేయించుకున్నది.

మీకు నా సలహా ఏమిటంటే, ముందు సన్నని తీగలు వేసి, శ్రుతి దించి, కొన్ని నెలలు సాధన చేయండి. ఖర్చు తక్కువ, నచ్చకపోతే వెనక్కి వెళ్లవచ్చు. అప్పటికీ వేలికి చెక్క అడ్డు తగులుతోందనిపిస్తే, పన్నెండో ఫ్రెట్ నుంచి బ్రిడ్జి వైపు ఉన్న భాగాన్ని మాత్రమే స్కాలప్ చేయించి చూడండి. చేయించే ముందు ఫ్రెట్లు అరిగి ఉన్నాయేమో చూపించి, మార్చవలసి ఉంటే అది ముందు పూర్తి చేయించండి. మీ గిటార్ ఏ తరహాదో, ఫ్రెట్‌బోర్డు ఏ చెక్కదో, ఏ శ్రుతిలో వాయిస్తున్నారో రాస్తే, ఏ మందం తీగలతో మొదలుపెట్టాలో చెప్పగలను.