పికప్‌ను ఇంట్లోనే ఫోర్‌వీల్ డ్రైవ్‌గా మార్చుకోవచ్చా?

ప్రశ్న: నా పికప్‌లో ఇంజన్ బలం వెనక చక్రాలకు మాత్రమే అందుతుంది. బరువు వేసుకుని బురద దారిలో వెళ్లినప్పుడల్లా కూరుకుపోతోంది. గేర్‌బాక్స్ దించి ఎక్కించడం, బ్రేకులు విప్పి సరిచేయడం నాకు అలవాటైన పనులే. చెట్టుకు గుద్దుకుని మూలపడిన ఒక ఫోర్‌వీల్ డ్రైవ్ బండి నుంచి ముందు యాక్సిల్ దొరికేలా ఉంది. దానిని తెచ్చి ఇంటి షెడ్డులోనే నా బండికి బిగించాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఈ మార్పు సాధ్యమే, ఇళ్లలో చేసుకున్నవారూ ఉన్నారు. అయితే ముందు యాక్సిల్ కొనడంతో మాత్రం మొదలుపెట్టకండి. పైగా అది చెట్టును గుద్దిన బండిలోది కనుక, దాని గొట్టం గానీ స్టీరింగ్ నకిల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) గానీ కంటికి కనిపించనంతగా వంగి ఉండవచ్చు. కొలిచి చూడకుండా దానిని ఏ బండికీ ఎక్కించకూడదు.

ముందుగా మీ అవసరమేమిటో తేల్చుకోవాలి. యాక్సిల్‌లో రెండు చక్రాలకూ బలాన్ని పంచే గేర్ల అమరికను డిఫరెన్షియల్ అంటారు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది కాబట్టి, ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికి కూడా ఆ కాస్త బలమే అందుతుంది, బండి కదలదు. మీ బండి కూరుకుపోయినప్పుడు వెనక ఒక్క చక్రమే తిరుగుతున్నట్లయితే, వెనక డిఫరెన్షియల్‌కు, రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాక్ పెట్టించి బురదకు తగిన టైర్లు వేయిస్తే చాలావరకు ఇబ్బంది తీరుతుంది. మామూలు డిఫరెన్షియళ్లే ఉన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కూడా ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం జారితే అక్కడే నిలిచిపోతుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఉన్న బండిని అమ్మి, తయారీలోనే ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్న బండిని తీసుకోవడం కూడా తరచుగా ఈ పని కంటే చౌకగా ముగుస్తుంది.

అయినా మీ బండినే మార్చాలనుకుంటే, అదే మోడల్‌కు, వీలైతే అదే సంవత్సరానికి చెందిన ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని మొత్తంగా సంపాదించండి. విడి భాగాలను ఒక్కొక్కటిగా ఏరుకొచ్చేవారి పని ఎక్కువగా మధ్యలోనే ఆగిపోతుంది. మీ గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలం ఇప్పుడు ఒకే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదుగా వెనక్కి వెళుతోంది. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ ఉండి, ఆ బలాన్ని ముందు షాఫ్ట్‌కూ వెనక షాఫ్ట్‌కూ పంచుతుంది. మీ గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్ట్, దాని తోక భాగం ట్రాన్స్‌ఫర్ కేస్‌ను బిగించేందుకు పనికిరావు. ఆ షాఫ్ట్‌ను మార్చాలంటే గేర్‌బాక్స్‌ను పూర్తిగా విప్పాల్సి వస్తుంది కనుక, తెచ్చిన ఫోర్‌వీల్ డ్రైవ్ బండి గేర్‌బాక్స్‌ను ట్రాన్స్‌ఫర్ కేస్‌తో కలిపి యథాతథంగా ఎక్కించడమే తేలిక. అప్పుడు వెనక షాఫ్ట్ పొడవు మారుతుంది, దానిని పొట్టిచేయించి బ్యాలెన్స్ చేయించాలి. షాఫ్ట్ రెండు చివర్లలో జాయింట్లను పట్టి ఉంచే యోక్‌లు ఒకే వరుసలో లేకపోయినా, రెండు జాయింట్ల కోణాలు సమానంగా కుదరకపోయినా బండి అదురుతుంది, జాయింట్లు త్వరగా అరిగిపోతాయి.

అసలైన శ్రమ ముందు భాగంలో ఉంటుంది. కొన్ని కంపెనీలు రెండు రకాల బండ్లకూ ఒకే ఛాసిస్ వాడతాయి, కొన్ని వేర్వేరుగా తయారుచేస్తాయి. ముందు డిఫరెన్షియల్ వచ్చే చోట మీ బండిలో క్రాస్‌మెంబర్ (ఛాసిస్ అడ్డ దూలం) గానీ ఇంజన్ సంప్ (కింది ఆయిల్ తొట్టి) గానీ అడ్డు రావచ్చు. ముందు షాఫ్ట్ ట్రాన్స్‌ఫర్ కేస్‌కు ఏ పక్క నుంచి బయలుదేరుతుందో, ముందు డిఫరెన్షియల్ కూడా యాక్సిల్‌లో ఆ పక్కనే ఉండాలి. కాయిల్ స్ప్రింగులున్న చోట కమాను కట్టలు పెట్టి, రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్ బిగించాలనుకునేవారు ఛాసిస్‌కు కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయాల్సి ఉంటుంది. ఆ వెల్డింగ్ అనుభవజ్ఞుడి చేతే జరగాలి. స్టీరింగ్ రాడ్లను, నకిల్‌లను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కోసి అతకవద్దు, వేడిచేసి వంచవద్దు. గేర్ పడకపోతే బండి ఆగిపోతుంది, స్టీరింగ్ విరిగితే ప్రాణం పోతుంది. స్టీరింగ్ లింకు వాలు, ముందు సస్పెన్షన్ కదలికతో కుదరకపోతే గుంటలో పడ్డ ప్రతిసారీ బండి తనంతట తానే పక్కకు తిరుగుతుంది. కాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గితే స్టీరింగ్ తిప్పిన తరువాత తనంతట తాను తిన్నగా రాదు. బ్రేకు గొట్టాలు సస్పెన్షన్ పూర్తిగా కిందికి జారినప్పుడు కూడా బిగుసుకోనంత పొడవుగా ఉండాలి.

జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి ఒక్క నిమిషానికైనా దూరకండి, గట్టి స్టాండ్లు పెట్టుకోండి. గేర్‌బాక్స్‌ను, ట్రాన్స్‌ఫర్ కేస్‌ను ఒంటరిగా ఎత్తే ప్రయత్నం చేయవద్దు. రిజిస్ట్రేషన్ అధికారుల అనుమతి, బీమా సంస్థకు సమాచారం బండిని విప్పక ముందే చూసుకోవలసినవి.

పని పూర్తయ్యాక ఒక నియమం గుర్తుంచుకోవాలి. ఇలాంటి బండ్లలో ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు షాఫ్ట్, వెనక షాఫ్ట్ ఎక్కువగా ఒకదానితో ఒకటి బిగుసుకుని తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం నడవాలి. బురదలో టైరు జారి ఆ తేడాను సర్దుకుంటుంది, పొడి తారు రోడ్డు మీద జారే వీలుండదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. అందుకే గట్టి రోడ్డెక్కగానే ఫోర్‌వీల్ లివర్‌ను తిరిగి టూవీల్‌కు మార్చేయాలి.

ప్రశ్న: ముందు, వెనక డిఫరెన్షియళ్లలోని క్రౌన్ (పెద్ద గేర్), పినియన్ (దానిని తిప్పే చిన్న గేర్) పళ్ల నిష్పత్తి ఒకటిగానే ఉండాలంటారు. విప్పకుండా తెలుసుకోవడం ఎలా?

జవాబు: తప్పకుండా ఒకటిగానే ఉండాలి. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 పళ్లు ఉంటే నిష్పత్తి 4.10; పినియన్‌కు 11 పళ్లుంటే 3.73. వెనక మొదటిది, ముందు రెండోది బిగిస్తే, వెనక చక్రం 10 చుట్లు తిరిగే లోపల ముందు చక్రం 11 చుట్లు తిరగాలని చూస్తుంది.

గేర్ న్యూట్రల్‌లో పెట్టి, మిగతా చక్రాలకు అడ్డుకట్టలు వేసి, వెనక ఒక చక్రాన్ని మాత్రం స్టాండు మీద లేపండి. హ్యాండ్‌బ్రేక్ వదిలేసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గుర్తు పెట్టి, లేపిన చక్రాన్ని చేత్తో 20 చుట్లు తిప్పండి. షాఫ్ట్ 41 చుట్లు తిరిగితే నిష్పత్తి 4.10, సుమారు 37 చుట్ల పావు తిరిగితే 3.73. డిఫరెన్షియల్ లాక్ ఉన్న యాక్సిల్ అయితే రెండు చక్రాలనూ లేపి 10 చుట్లు తిప్పితే అవే అంకెలు వస్తాయి. విడిగా దొరికిన యాక్సిల్‌కు ఒక పక్క హబ్‌ను (చక్రం బిగించే చోటు) కదలకుండా పట్టించి, రెండో హబ్‌ను 20 చుట్లు తిప్పి పినియన్ ఫ్లాంజ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే పళ్లెం) చుట్లను లెక్కపెట్టండి. నాలుగు టైర్ల కొలత కూడా ఒకటే అయి ఉండాలి, అరుగుదలలో పెద్ద తేడా ఉన్నా ఇదే సమస్య కొంత మేరకు తలెత్తుతుంది.