మెమరీ టెస్టు బాగానే ఉంది, మరి స్నానానికి కూడా లేవరేం?

ప్రశ్న: మా వారికి 44 ఏళ్లు. మూడేళ్ల క్రితం హంటింగ్టన్స్ అనే వంశపారంపర్య మెదడు జబ్బని తేలింది, మా మామగారికీ ఇదే ఉండేది. వేళ్లు ఉండుండి వాటంతటవే కదలడం తప్ప ఒంట్లో పెద్ద ఇబ్బంది లేదు. కానీ ఏ పనీ తనంతట తాను మొదలుపెట్టరు, స్నానానికి పదిసార్లు చెప్పాలి, రెండు పనులు కలిపి చెబితే విసుక్కుంటారు. మెమరీ టెస్టులో మార్కులు బాగానే వచ్చాయి, ఇది ఒట్టి బద్ధకమని అత్తగారు అంటారు. ఆయనేమో 'నాకేమైంది?' అంటారు. జ్ఞాపకశక్తికి మాత్రలు వాడొచ్చా? పిల్లలకు 19, 14 ఏళ్లు, వాళ్లకూ టెస్టు చేయించాలా?

జవాబు: ముందు అత్తగారి మాట సంగతి చూద్దాం. ఆవిడ తన భర్తలో ఇదే జబ్బు చూశారు కానీ, అందరికీ గుర్తుండేది చేతులూ కాళ్లూ ఊగడమే. అసలు చాలామందిలో ఆలోచనలో మార్పులు ఆ కదలికల కన్నా కొన్నేళ్ల ముందే మొదలవుతాయి, కాకపోతే అప్పుడు వాటిని ఎవరూ జబ్బు అనుకోరు, మనిషి మారిపోయాడు అనుకుంటారు.

ఈ జబ్బు మొదట దెబ్బతీసేది మెదడు లోతట్టున ఉండే స్ట్రయేటమ్ అనే భాగాన్ని. పని మొదలుపెట్టడం, ఆపడం, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం, వీటన్నిటికీ అది కావాలి. అందుకే మీ వారికి స్నానం చేయాలని తెలుసు, చేయడమూ వచ్చు, కానీ లేచి వెళ్లడం దగ్గర ఆగిపోతున్నారు. మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌లో అయితే కొత్త విషయం మెదడులో నిలవదు. ఇక్కడ విషయం లోపలే ఉంటుంది, వెతికి బయటికి తీయడం కష్టం, చిన్న క్లూ ఇస్తే టక్కున చెప్పేస్తారు. మామూలు మెమరీ టెస్టులు ఎక్కువగా అల్జీమర్స్ లోపాలనే పట్టుకుంటాయి కాబట్టి ఆ మార్కులు చూసి ధీమాగా ఉండొద్దు. ఆలోచన వేగాన్ని, ప్లానింగ్‌ను చూసే పరీక్షలు న్యూరోసైకాలజిస్టుతో చేయించండి.

'నాకేమైంది' అనడం కూడా మొండితనం అనుకోకండి. తన లోపం తనకు తెలియకపోవడం ఈ జబ్బులో భాగమే, వాదించి ఒప్పించలేరు. దానికి బదులు మీరు అడిగే తీరు మార్చి చూడండి. 'ఏం తింటారు?' అనకుండా రెండు పేర్లు చెప్పి ఏది కావాలో అడగండి. అడిగాక మౌనంగా ఆగండి, జవాబు రావడానికి మీరనుకున్న దానికన్నా ఎక్కువ సమయం పడుతుంది, మధ్యలో మళ్లీ అడిగితే పాపం ఆయన మొదటికొస్తారు. ఒకసారికి ఒకే పని. స్నానం రోజూ ఒకే వేళకు, టవల్ చేతికిచ్చి 'పదండి' అంటే చాలు, వివరణ అక్కర్లేదు. గొడవలు సగం ఇక్కడే తగ్గడం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇక మాత్రలు. అల్జీమర్స్‌కు ఇచ్చే డొనెపెజిల్ లాంటివి ఇందులో మేలు చేస్తాయని పరిశోధనల్లో తేలలేదు, అందుకే నేను రాయను. అంతకన్నా ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. కదలికలు తగ్గించే టెట్రాబెనజిన్ వల్ల మగతగా ఉండొచ్చు, డిప్రెషన్ కూడా రావొచ్చు. వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ లాంటివీ నిద్రమాత్రలూ ఆలోచనను ఇంకా మందగింపజేస్తాయి. అలాగని మీ అంతట మీరు ఏదీ ఆపకండి. థైరాయిడ్, బి12 ఒకసారి చూడటం మంచిది. డిప్రెషన్ ఉంటే దానికి మందులు బాగానే పనిచేస్తాయి. ఈ జబ్బులో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ, కాబట్టి 'బతికి ఏం లాభం' అన్న మాట ఒక్కసారి విన్నా ఆ రోజే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. ఆయన బండి నడుపుతుంటే ఆ సంగతీ అడగండి, చేతులు బాగున్నా చటుక్కున నిర్ణయం తీసుకోవడం ఆలస్యం అవుతుంది.

పిల్లలు ఒక్కొక్కరికీ ఈ జబ్బు తెచ్చే లోపమున్న జన్యువు వచ్చే అవకాశం 50 శాతం, ఆడా మగా తేడా లేదు. 1993లో జన్యువు దొరికినప్పటి నుంచి రక్తపరీక్షతో ముందే తెలుసుకునే వీలుంది. కానీ జబ్బును ఆపే మందు ఇంకా లేదు కాబట్టి తెలుసుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. 19 ఏళ్ల వారు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడాక నిర్ణయించుకోవచ్చు, మీరు బలవంతం చేయొద్దు. చిన్నవారికి లక్షణాలేవీ లేకపోతే 18 నిండేదాకా పరీక్ష వద్దు. నాన్నకు ఏమైందో మాత్రం ఇప్పుడే చెప్పండి. బద్ధకం అన్న మాట ఆ ఇంట్లో ఇప్పటికే వాళ్ల చెవిన పడి ఉంటుంది.