గర్భస్థ శిశువు గుండెలో పాపిల్లరీ కండరాల సంఖ్య పుస్తకంతో సరిపోకపోతే అది లోపమేనా?

పాపిల్లరీ కండరాలంటే జఠరికల (గుండె కింది గదుల) లోపలి గోడ నుంచి పొడుచుకువచ్చి, సన్నని తంతువులతో కవాటపు పత్రాలను పట్టి ఉంచే చిన్న కండరాలు. 24 వారాల పిండం గుండెలో కుడి జఠరికలో సెప్టల్ (మధ్యగోడ వైపు ఉండే) పాపిల్లరీ కండరం కనబడలేదని, ఎడమ జఠరికలో రెండింటికి బదులు మూడు కొనలు కనిపించాయని, థీసిస్‌లో దీన్ని లోపంగా నమోదు చేయాలా అని అడిగారు. ఇంతవరకే అయితే అవసరం లేదు. ఎనాటమీ విభాగంలో పీజీ విద్యార్థుల చేత ఇటువంటి గుండెలను కోయిస్తూ వచ్చినదాన్ని బట్టి చెబుతున్నాను: కండరాలను లెక్కపెట్టడం కన్నా వాటి నుంచి బయలుదేరే తంతువులు ఏ పత్రానికి చేరుతున్నాయో చూడడం ముఖ్యం. పరీక్షలో మాత్రం కుడివైపు మూడు, ఎడమవైపు రెండు అనే రాయండి.

కుడి జఠరికలో స్థిరంగా కనిపించేది ముందరి కండరం. మోడరేటర్ బ్యాండ్ (మధ్యగోడ నుంచి జఠరికను దాటివచ్చే కండరపు పట్టీ) దాని మొదట్లోకే వచ్చి చేరుతుంది కాబట్టి గుర్తించడం తేలిక. వెనుక కండరం తరచుగా రెండు మూడుగా చీలి ఉంటుంది. సెప్టల్ కండరం చాలా చిన్నది, ఒక్కోసారి అసలు ఉండదు, అప్పుడు తంతువులు నేరుగా గోడ నుంచే పుడతాయి. అయితే లేదని తేల్చే ముందు, ఫార్మాలిన్‌లో గట్టిపడిన నెత్తురు గడ్డను సిరంజితో నీళ్లు చిమ్ముతూ మెల్లగా కడగండి. ఆ గడ్డకు అతుక్కున్న సన్నని తంతువులు ఫోర్సెప్స్‌తో లాగితే దానితో పాటే ఊడివస్తాయి. తర్వాత భూతద్దం కింద ఒక్కొక్క తంతువునూ ప్రోబ్ మొనతో ఎత్తి, మొదలు ఎక్కడుందో చూడండి.

ఈ తేడాలకు కారణం పిండాభివృద్ధిలోనే ఉంది. ఇవి విడిగా పుట్టి గోడకు అతుక్కునే కండరాలు కావు. ఎడమ జఠరిక లోపలి గోడ మీద గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఒకే కండరపు గట్టు క్రమంగా దట్టమై, దాని ముందు, వెనుక భాగాలు గోడ నుంచి కొంత విడివడడం వల్ల రెండు పాపిల్లరీ కండరాలు ఏర్పడతాయి. ఆ విడివడడం అందరిలోనూ ఒకేలా జరగదు కనుక ఒకే మొదలు మీద రెండు మూడు కొనలు మిగలడం మామూలే. అందుకే మొదళ్ల సంఖ్యనూ కొనల సంఖ్యనూ వేర్వేరు గడుల్లో రాయండి. గర్భంలో కుడి జఠరిక గోడ దాదాపు ఎడమదానంత మందంగానే ఉంటుంది గనుక కుడి కండరాలు బలిసినట్టు కనిపిస్తే దాన్ని కూడా లోపం అనకండి.

నిజంగా ఆగి చూడవలసింది ఎడమవైపు తంతువులన్నీ ఒకే కండరానికి చేరినప్పుడు. మామూలుగా ప్రతి కండరం నుంచీ మైట్రల్ కవాటపు (ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే కవాటం) రెండు పత్రాలకూ తంతువులు వెళ్తాయి. అన్నీ ఒక్కచోటికే చేరితే దాన్ని పారాచూట్ మైట్రల్ కవాటం అంటారు. పత్రాలు విడివడే చోటు ఇరుకవుతుంది. ఇటువంటి కవాటంతో పాటు కవాటం పైన కణజాలపు వలయం, బృహద్ధమని కింద ఇరుకు, బృహద్ధమనిలోనే సన్నని నొక్కు కలిసి ఉండవచ్చని షోన్ అనే వైద్యుడి బృందం 1963లో వివరించింది. కాబట్టి మీ నమూనాలో బృహద్ధమని వంపు తెగకుండా ఉంటే, డక్టస్ (గర్భంలో పుపుస ధమనిని బృహద్ధమనికి కలిపే నాళం) కలిసే చోటు వరకూ తెరిచి చూశాకే ఆ గుండెను సాధారణ జాబితాలో చేర్చండి.