ఫోన్లో కొనే సరుకుల మీద ట్రస్టుకి డబ్బులొస్తాయా?

ప్రశ్న: మేడం, మాది పలాస దగ్గర. ఉద్దానం కిడ్నీ రోగులకి డయాలసిస్‌కి వెళ్ళడానికి ఆటో ఛార్జీలిచ్చే చిన్న ట్రస్టు ఉంది, మా చిన్నాన్న కూడా వారానికి రెండుసార్లు వెళ్తారు. సబ్బుల కాడ్నుంచి పిల్లల బట్టల దాకా ఫోన్లోనే కొంటున్నాం కదా, వాటి మీద ట్రస్టుకి డబ్బులొస్తాయంటన్నారు, నిజమేనా?

జవాబు: నిజమేనమ్మా. కస్టమర్ని తెచ్చినోళ్ళకి షాపింగ్ సైట్లు కమీషన్ ఇస్తాయి, ట్రస్టు ఆ సైట్లో తన పేరు మీద ఒక లింకు తీసుకుని మీకు పంపితే దాన్ని నొక్కి కొన్నప్పుడు కొంత వాళ్ళకి పోద్ది, మీకు రేటు పెరగదు. కానీ లింకు మర్చిపోయి నేరుగా యాప్ తెరిచారా, ఏమీ రాదు, సరుకు వాపసిస్తే ఆ కమీషనూ పోద్ది. దానం పేరు చెప్పి లింకు నొక్కమనడం కొన్ని సైట్లు ఒప్పుకోవు, రూల్సు ముందే చదివించండి.

అమెరికాలో 2013లో మొదలైన అమెజాన్ స్మైల్ అనే పథకం కొన్న సరుకు ధరలో 0.5 శాతం సేవా సంస్థలకి ఇచ్చేది, అంటే వెయ్యికి ఐదు, దాన్ని కూడా 2023 ఫిబ్రవరిలో ఆపేశారు. ఐదు రూపాయలతో పలాసలో ఆటో ఎక్కగలమా చెప్పండి! అందుకే నా మాట, లింకు వాడండి, దాంతోపాటు సరుకులు కొన్న ప్రతిసారీ ఇరవయ్యో ముప్ఫయ్యో ఫోన్‌పేలో నేరుగా ట్రస్టు అకౌంటుకే వేసేయండి. ట్రస్టుకి 80జి అనే టాక్సు గుర్తింపు ఉందా అని అడగండి, ఉంటే పాత పద్ధతిలో టాక్సు కట్టేవాళ్ళకి మినహాయింపు వస్తుంది, క్యాష్ అయితే 2,000 దాటితే రాదు.