కేస్ రిపోర్టు వెనక్కొచ్చిందా? ఆ సంతకం వేరు

ఒక పేషెంటు జబ్బు గురించి మెడికల్ జర్నల్‌కు రాసిన ఆ కేస్ రిపోర్టుతో మీరు జత చేసింది ఆపరేషన్ కన్సెంట్, అంటే ఆపరేషన్‌కు ఆయన ఒప్పుకున్న పత్రం. సంతకం ఉన్నా జర్నల్ వాళ్ళు తిప్పి పంపారన్నారే, అందుకే. వైద్యానికి ఒప్పుకోవడం వేరు, తన జబ్బు సంగతి అచ్చులో రావడానికి ఒప్పుకోవడం వేరు. కేస్ రిపోర్టులో ఏమేం ఉండాలో చెప్పే 2013 నాటి కేర్ (CARE) చెక్‌లిస్టులో 13వ అంశం ఈ అనుమతే.

1. అచ్చు అనుమతికి జర్నల్‌కు సొంత ఫారం ఉంటే అదే వాడండి. పేషెంటుకు తెలిసిన భాషలో చదివి చెప్పాలి.

2. అందరూ జారేది ఇక్కడే: డిశ్చార్జ్ అయ్యాక గాని ఈ సంతకం గుర్తుకు రాదు. మీ పేషెంటు దర్శనానికొచ్చి అడ్మిట్ అయినాయన. తిరుపతిలో ఇది మామూలే, ఈపాటికి ఊళ్ళో ఉంటాడు. కేస్ షీటులోని నంబరుకు ఫోన్ చేసి విషయం చెప్పి, ఫారం పోస్టులో పంపండి. చదువు రాకపోతే వేలిముద్ర, పక్కన మీ యూనిట్‌తో సంబంధం లేని సాక్షి సంతకం. వార్డు బాయ్‌తో పెట్టించి పని అయిందనుకోవద్దు.

3. పేషెంటును ఎవరూ గుర్తుపట్టకుండా ఉండాలంటే ఫొటోలో కళ్ళ మీద నల్లపట్టీ చాలదు. సీటీ స్కాన్ ఫిల్ము మూల కూడా చూడండి, చీమతలకాయంత అక్షరాల్లో పేరు, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చేది) ఉంటాయి. నేనొకసారి అదే వదిలేసి తిట్లు తిన్నా.

సంతకం ఫారం మీ దగ్గరే భద్రంగా ఉంచండి. రిపోర్టులో అనుమతి తీసుకున్నామని ఒక వాక్యం రాయండి, ఫారం అడిగితేనే పంపండి.