స్కోరు పెరిగితే బుర్ర పదునెక్కినట్టేనా?

ప్రశ్న: రంగు మారగానే వేలితో నొక్కే టెస్టు ఒకటి ఫోన్‌లో చేస్తున్నాను. ఎంత చేసినా 310 మిల్లీసెకన్ల దగ్గరే ఆగిపోతోంది. రూమ్మేట్‌కి 240 వస్తోంది. నా బుర్ర అంత మొద్దా?
– డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదు తమ్ముడూ. ఆ 310లో నీ వాటా ఎంతో, ఫోన్ వాటా ఎంతో ముందు తేలాలి. రంగు మార్చమని యాప్ చెప్పాక అది స్క్రీన్ మీద కనపడటానికి కొంత, నీ వేలు తగిలిందని ఫోన్ గుర్తుపట్టడానికి ఇంకొంత, అలా పదుల మిల్లీసెకన్లు అక్కడే పోతాయి, అదీ ఒక్కో ఫోన్‌కి ఒక్కోలా. సరైన పరికరాలతో ల్యాబ్‌లో కొలిస్తే మీ వయసు వాళ్లకి వెలుగు చూసి నొక్కడానికి సుమారు 200 నుంచి 250 పడుతుంది. చప్పుడు విని నొక్కడం ఇంకా త్వరగా అవుతుంది. పరుగు పందెంలో తుపాకీ పేలాక 100 మిల్లీసెకన్ల లోపే కదిలితే ఫాల్స్ స్టార్ట్ అంటారు, విని కదిలినవాడికి అంతకన్నా ఎక్కువే పడుతుందన్న లెక్కతో. ఇద్దరూ ఒకే ఫోన్ మీద, ఒకే పూట ఇరవైసార్లు చేసి చూడండి. బెస్ట్ స్కోరు కాదు, అంకెలన్నీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాస్తే మధ్యలో ఏది పడుతుందో అది చూడాలి.

సాధన చేస్తే మొదట్లో కాస్త మెరుగవుతుంది, తర్వాత అక్కడే ఆగుతుంది. నిద్ర తగ్గితే మాత్రం వెంటనే దెబ్బతింటుంది. అన్నీ కాస్త కాస్త నెమ్మదించడం కన్నా, మధ్యమధ్యలో బుర్ర ఆగిపోయినట్టయి స్పందన అర సెకను దాటిపోయే ఖాళీలు పెరగడం అసలు ప్రమాదం. 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బైక్ ఆ అర సెకనులో ఐదు మీటర్ల పైనే పోతుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ముందు ఆటో సడన్‌గా ఆగితే ఆ ఐదు మీటర్లు ఎక్కడ తెస్తావు? రాత్రి రెండింటి దాకా ఈ టెస్టు చేస్తూ కూర్చోవద్దు, పడుకో.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. ఫీజు కట్టి మెమరీ ట్రైనింగ్‌లో చేర్పించాం. ఇప్పుడు ఇరవై అంకెలు గడగడా అప్పజెప్పేస్తున్నాడు, సోషల్ మాత్రం చదివినా నిలవట్లేదు. ఎందుకండీ?
– ఒక అమ్మ, భవానీపురం, విజయవాడ

జవాబు: వాడి తప్పేం లేదమ్మా. పెరిగింది అంకెలు పట్టుకునే నేర్పు, మొత్తం జ్ఞాపకశక్తి కాదు. 1980లో అమెరికాలో ఒక ప్రయోగం అచ్చయింది. ఎరిక్సన్, చేజ్, ఫలూన్ అనే పరిశోధకులు ఒక కాలేజీ కుర్రాడికి సెకనుకో అంకె వినిపించి తిరిగి చెప్పమనేవారు. మొదట ఏడు చెప్పగలిగేవాడు, ఏడాదిన్నర పైగా సాధన చేశాక 79 చెప్పాడు! అతను రన్నర్. 3492 అని వినగానే, మూడు నిమిషాల 49.2 సెకన్లు, మైలు పరుగులో ప్రపంచ రికార్డుకి దగ్గర టైము అని ముడేసుకునేవాడు. అంకెలు మాని అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరికే వచ్చి ఆగాడు.

మన అవధానులూ ఊరికే గుర్తుపెట్టుకోరు. ఆవృత్తికో (విడతకో) పాదం చెబుతూ, మధ్యలో మోగే గంటలు లెక్కపెట్టుకుంటూ, అడ్డుతగిలే అప్రస్తుత ప్రసంగానికి జవాబిస్తూ, చివర్లో పద్యాలన్నీ చూడకుండా తిరిగి ధారణ చేస్తారంటే, ఏళ్ల తరబడి ఒంటబట్టిన ఛందస్సు వాళ్లకి ఆసరా. యతి ఎక్కడ పడాలో, ప్రాస ఏ అక్షరమో తెలిస్తే పాదానికి పట్టు దొరుకుతుంది.

బాబుకి సోషల్‌లో అలాంటి పట్టు కావాలి. ప్రకాశం బ్యారేజీ గురించి చదివాడనుకోండి. పుస్తకం మూయించి అడగండి: పాత ఆనకట్ట ఎప్పుడు పూర్తయింది? 1855. ఇప్పటి బ్యారేజీ? 1957. మరి కొత్తది ఎందుకు కట్టాల్సొచ్చింది, కాలవల్లోకి నీళ్లు ఎలా మళ్లుతాయి? తడబడితే తడబడనివ్వండి, వెంటనే అందించేయకండి, గుర్తుతెచ్చుకోడానికి పడే ఆ అవస్థే పాఠాన్ని గట్టిపరుస్తుంది. రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే బాగా రాశారు, వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీరూ అదే రోజు సాయంత్రం ఒకసారి, రెండు రోజులాగి ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి అడగండి. ట్రైనింగ్‌లో తర్వాతి లెవెల్‌కి డబ్బు కట్టొద్దు.

ప్రశ్న: రైతుబజార్లో తెలిసినాయన ఎదురైతే పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. రోజూ సుడోకు చేస్తే మతిమరుపు తగ్గుతుందా?
– రిటైర్డ్ టీచర్, 63, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది మాస్టారూ, సరదాగా ఉంటే చేయండి. పేరు తడుముకోవడం ఈ వయసులో మామూలే. రోజూ నడవండి, బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోండి, చెవులు చూపించుకోండి. సరిగ్గా వినపడని పేరు అసలు లోపలికే వెళ్లదు కదా. అయితే తెలిసిన వీధిలోనే దారి తప్పుతున్నా, అడిగిందే మళ్లీ అడుగుతున్నారని ఇంట్లోవాళ్లు అంటున్నా, చిల్లర లెక్క తేలకపోతున్నా న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించమంటారు, ఆ లోపాల వల్ల వచ్చే మరపు మందులతో తగ్గే అవకాశం ఉంటుంది. వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లని ఒకరిని వెంట తీసుకెళ్లండి, మీరు గమనించనివి వాళ్లు చెబుతారు.