ముందు మారాల్సింది మనసా, తీరా?

ప్రశ్న: ఆరు నెలల కిందట మా సెక్షన్‌లోకి ఒకావిడ బదిలీ మీద వచ్చారు. ఆవిడకి పొగరెక్కువని, ఎవరితోనూ కలవరని పాత ఆఫీసు వాళ్లు ముందే చెప్పారు. అచ్చం అలాగే ఉన్నారు. ఇప్పుడు మా మధ్య పలకరింపులు కూడా లేవు. ఇంట్లోవాళ్లేమో నువ్వే ముందు మాట్లాడొచ్చుగా అంటున్నారు. మనసులో లేనిది నటించడం నావల్ల కాదు. నాదేనా తప్పు?

జవాబు: తప్పెవరిదో తర్వాత చూద్దాం గానీ, "ముందే చెప్పారు" అన్నారు చూడండి, నేను అక్కడ ఆగిపోయాను. ఆవిడకంటే ముందు ఆవిడ మీద అభిప్రాయం మీ సెక్షన్‌కి బదిలీ అయి వచ్చేసింది. దాన్ని మనసులో పెట్టుకుని మీరు మొదటిరోజు ముక్తసరిగా మాట్లాడి ఉంటారు, కొత్త చోట బెరుగ్గా ఉన్న మనిషి ఇంకాస్త ముడుచుకుని ఉంటుంది, అది చూసి మీరు "చెప్పారుగా, పొగరే" అనుకుని ఉంటారు. ఇదంతా నా ఊహే, కానీ ఇలా జరుగుతుందనడానికి ఆధారం ఉంది. 1977లో మార్క్ స్నైడర్ అనే మనస్తత్వవేత్త, మరో ఇద్దరు కలిసి అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఒకరినొకరు ఎరగని అబ్బాయిలు, అమ్మాయిలు ఫోన్లో మాట్లాడుకోవాలి. అబ్బాయిలకి ముందుగా ఒక ఫోటో చూపించారు, కొందరికి అందగత్తెది, కొందరికి అంత అందంగా లేని అమ్మాయిది. అవతల మాట్లాడేవాళ్లకీ ఆ ఫోటోలకీ ఏ సంబంధమూ లేదు, అసలు ఫోటో సంగతే వాళ్లకి తెలీదు. తర్వాత ఒక్క అమ్మాయిల మాటలే వేరేవాళ్లకి వినిపిస్తే, ఎవరిని అందగత్తె అనుకుని మాట్లాడారో ఆ అమ్మాయిలే ఎక్కువ కలుపుగోలుగా ఉన్నారని తేలింది. అబ్బాయిల గొంతులో ఉత్సాహం ఆ అమ్మాయిల గొంతులోకి వచ్చేసిందన్నమాట. మీ గొంతులో ఆరు నెలలుగా ఏముందో మీరే చెప్పాలి.

ఇక నటన సంగతి. మనసు మారితే నడత మారుతుందనుకుంటాం, చాలాసార్లు వరస తిరగబడుతుంది. 1959లో లియాన్ ఫెస్టింగర్, జేమ్స్ కార్ల్‌స్మిత్ అనే మనస్తత్వవేత్తలు కొందరు విద్యార్థులతో గంటసేపు విసుగు పుట్టించే పని చేయించి, ఆ పని భలే సరదాగా ఉందని తర్వాత వచ్చేవాళ్లకి చెప్పమన్నారు. కొందరికి 20 డాలర్లు, కొందరికి ఒక్కటే డాలర్. ఆఖర్న ఆ పని నిజంగానే బాగుందని ఎక్కువగా చెప్పింది డాలర్ తీసుకున్నవాళ్లు! ఇరవై అందుకున్నవాడికి "డబ్బిచ్చారు, చెప్పాను" అనే సాకుంది. రెండోవాడికి అదీ లేదు, దాంతో మనసే సర్దుకుని నోటి వెనక నడిచింది.

అంచేత మీరు ప్రేమ ఒలకబోయక్కర్లేదు. ఆవిడకి బాగా తెలిసిన పనిలో ఒక చిన్న సాయం అడగండి, అంతే. పాతకాలపు అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తనంటే గిట్టని ఒక శాసనసభ సభ్యుడి దగ్గర అరుదైన పుస్తకం అడిగి తెచ్చుకుని, వారంలో థాంక్స్ చీటీతో తిరిగిచ్చాడట, ఆ పెద్దమనిషి తర్వాత ఆయనకి జీవితాంతం స్నేహితుడయ్యాడు. ఒకరికి సాయం చేశాక "అంత చెడ్డవాడేం కాదులే" అని చేసినవాళ్లకే అనిపిస్తుంది. ఒకవేళ ఆవిడకి నిజంగానే పొగరుంటే? ఉండనివ్వండి. మీకు పోయేది నాలుగు గుడ్ మార్నింగులు.

ప్రశ్న: మా పదేళ్ల బాబు ఫోన్ వదలడు. ఎంత చెప్పినా వినడు. వాడి ఆలోచన మార్చేదెలా?

జవాబు: ఈ ఉత్తరం మీరు ఫోన్లోనే టైప్ చేశారమ్మా, పంపిన టైమ్ రాత్రి పదకొండున్నర. ఏమీ అనుకోకండి, ఊరికే చెప్పాను. 1961లో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త చిన్నపిల్లల ముందు ఒక పెద్దమనిషి చేత గాలి బొమ్మని కొట్టించి, తర్వాత పిల్లల్ని గమనిస్తే చాలామంది అచ్చం అలాగే కొట్టారు, కొందరైతే ఆయన అన్న మాటలతో సహా. ఎవరూ కొట్టమని చెప్పలేదు. మీవాడికి రూల్ పెట్టేముందు మీరూ, మీవారూ రోజూ ఒక గంట ఫోన్ వేరే గదిలో పెట్టి కూర్చోండి. మొదటి వారం వాడికంటే మీకే టెన్షన్‌గా ఉంటుంది.

ప్రశ్న: మన తీరును బట్టే ఎదుటివాళ్లు ఉంటారంటారు కదా. మా పై అధికారి రోజూ నలుగురిలో తిడతాడు. అక్కడ కూడా నేనే మంచిగా ఉండాలా?

జవాబు: వద్దు. పైన చెప్పిందంతా ఇద్దరూ ఇంచుమించు సమానంగా ఉన్నచోట. మీరు తలొంచుకుని నవ్వేకొద్దీ అలా తిట్టడం మామూలేనని ఆయనకీ, చూసే నలుగురికీ అలవాటైపోతుంది, కొన్నాళ్లకి మీకూ అలాగే అనిపిస్తుంది, నాకు అదే భయం. ఈసారి "విడిగా చెప్పండి సార్, వింటాను" అని నెమ్మదిగానే అనండి. ఏ రోజు ఏమన్నాడో, ఎవరెవరున్నారో రాసి పెట్టుకోండి. ఆ పైవాళ్లకి చెప్పాల్సి వస్తే అదే పనికొస్తుంది.